ఎడమ గట్టు... కుడి గట్టు... మధ్యలో రెండు గీతలు!

సంక్రాంతి సెలవులు ముగిశాయంటే చాలు, విజయవాడ ఇంటర్ హాస్టళ్లలో దీపాలు ఆర్పే వేళ మారిపోతుంది. రెండో సంవత్సరం పిల్లలు పుస్తకం చేతబట్టి వరండాల్లో పచార్లు చేస్తూ వల్లెవేస్తుంటారు. కెమిస్ట్రీలో విద్యుత్ రసాయన శాస్త్రం వంతు వచ్చేసరికి ఆ వల్లెవేత ఇలా సాగుతుంది... 'జింక్, ఒక గీత, జింక్ అయాన్, రెండు గీతలు, రాగి అయాన్, ఒక గీత, రాగి. ఎడమ ఆనోడ్, కుడి కాథోడ్.' అయిపోయింది, తరవాతి ప్రశ్న!

పరీక్షలో అదే ప్రశ్న వస్తే మార్కులు పడతాయి. జింక్ తీసేసి వెండి పెట్టి, సమీకరణాన్ని కాస్త అటూ ఇటూ చేసి అడిగితేనే చిక్కు. ఏది ఎడమ రాయాలి? ఏది కుడి? ఆ రెండు గీతలు ఎందుకున్నట్టు? పక్కన కూర్చోబెట్టుకుని చెబుదామనుకున్న అమ్మానాన్నలకూ ఆ వరుస బ్రహ్మరాతలాగే కనిపిస్తుంది.

నిజానికి అది ఫార్ములా కాదు, ఒక వాక్యం. ఇచ్చేదెవరు, పుచ్చుకునేదెవరు, ఇద్దరి మధ్యా ఏముంది... ఈ మూడు సంగతులు చెప్పే వాక్యం. దాన్నే 'సెల్ నొటేషన్' అంటారు. (సెల్ అంటే జేబులో మోగేది కాదండోయ్, టార్చిలైటులో వేసేది!) తెలుగు పాఠ్యపుస్తకాల్లో సెల్‌కు 'ఘటం' అని పేరు. ఆ వాక్యాన్ని చదవడం వచ్చిన పిల్లలకు బట్టీ పట్టాల్సింది పెద్దగా ఏమీ మిగలదు. చదవడం నేర్పే పాఠాలు కృష్ణా డెల్టాలో కళ్లెదుటే ఉన్నాయి. తోటలో కొడవలి, ఇంట్లో మట్టికుండ, ప్రకాశం బ్యారేజీ, చిలకలపూడి నగ... ఒక్కోటీ ఒక్కో పాఠం.

కొడవలి పెట్టే పరీక్ష

తమలపాకు తోటలున్న ఊళ్లలో బోర్డో మిశ్రమం గురించి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు ద్రాక్షతోటల్లో పుట్టిన మందు అది. మిలార్డె అనే వృక్షశాస్త్రవేత్త 1885లో దాని సంగతి లోకానికి చెప్పారు. ఒక శాతం మిశ్రమానికి లెక్క తేలికే. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 100 లీటర్ల నీళ్లు.

దీన్ని కలిపేటప్పుడు వ్యవసాయ నిపుణులు రెండు జాగ్రత్తలు చెబుతారు. ఒకటి, మైలుతుత్తాన్ని ఇనుప బకెట్లో కలపొద్దు. మట్టిపాత్రో ప్లాస్టిక్ తొట్టో వాడాలి. రెండు, పిచికారీకి ముందు శుభ్రంగా తోమిన చాకునో కొడవలినో కాసేపు అందులో ముంచి చూడాలి. ఇనుము మీద ఎర్రటి పూత కనిపిస్తే సున్నం చాలలేదని అర్థం. ఇంకాస్త కలిపి మళ్లీ చూడాలి. పూత పట్టనప్పుడే మందు వాడకానికి సిద్ధమైనట్టు. ఈ చిన్న పరీక్షను తేలిగ్గా తీసుకుంటే, సున్నంతో కలవకుండా మిగిలిపోయిన రాగి లేత ఆకును మాడ్చేస్తుంది. పంట కాపాడటానికి కొట్టిన మందే పంటకు ముప్పవుతుంది.

ఆ ఎర్రటి పూత ఎక్కడిది? మైలుతుత్తం నీళ్లలో కరిగితే రాగి అయాన్లు తిరుగుతుంటాయి. రాగి అయాన్ అంటే రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న రాగి పరమాణువు. ఇనుముకేమో ఎలక్ట్రాన్లను వదిలించుకునే గుణం రాగి కంటే ఎక్కువ. రెండూ ఎదురుపడితే ఇనుము తన రెండు ఎలక్ట్రాన్లను ఇచ్చి నీళ్లలోకి దిగిపోతుంది. రాగి అయాన్ వాటిని పుచ్చుకుని లోహంగా మారి కొడవలికి అంటుకుంటుంది. ఎలక్ట్రాన్లు ఇవ్వడమే ఆక్సీకరణం. పుచ్చుకోవడమే క్షయకరణం. పుస్తకంలో పేజీలకు పేజీలు ఆక్రమించే రెండు మాటలకూ అసలు అర్థం ఇంతే.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఇంత ఇచ్చిపుచ్చుకోవడం జరిగినా కొడవలికి తీగ చుడితే చిన్న బల్బు కూడా వెలగదు. ఎందుకంటే సరుకు చేతి నుంచి చేతికి మారిపోయింది. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకేచోట ఉన్నప్పుడు ఎలక్ట్రాన్లు తీగలోకి వచ్చి తిరగాల్సిన అవసరమేముంది? విడుదలైన శక్తంతా వేడిగా మారి నీళ్లలో కలిసిపోయింది.

కుండ అడ్డుపెడితే కరెంటు

మరి ఆ ఇద్దరినీ విడదీస్తే? 1836లో లండన్ కింగ్స్ కాలేజీ ప్రొఫెసర్ జాన్ ఫ్రెడరిక్ డేనియల్ చేసిందదే. అప్పటికి 36 ఏళ్ల ముందే, 1800లో, ఇటలీ శాస్త్రవేత్త వోల్టా లోహపు బిళ్లలను దొంతరగా పేర్చి కరెంటు పుట్టించాడు. కానీ ఆ కరెంటు కాసేపటికే నీరసించిపోయేది. నిలకడగా ఇచ్చే ఏర్పాటు కోసం డేనియల్ ఒక రాగి పాత్ర తీసుకుని అందులో మైలుతుత్తం ద్రావణం పోశాడు. మధ్యలో జింక్ కడ్డీని వేరే ద్రావణంలో నిలబెట్టాడు. రెండూ కలిసిపోకుండా ముందు పశువుల కంఠనాళపు పొర వాడాడు. తరవాత ఆ స్థానంలోకి మెరుపు పూత లేని మట్టి పాత్ర వచ్చింది.

మట్టికుండ మహిమ బెజవాడ ఎండలు చూసినవాళ్లకు వేరే చెప్పాలా! కుండలో నీళ్లు కారిపోవు, అలాగని లోపలే బిగుసుకునీ ఉండవు. సన్నని రంధ్రాల్లోంచి చెమర్చి బయటికొస్తుంటాయి. డేనియల్ కుండా అంతే. రెండు ద్రావణాలను గబుక్కున కలవనివ్వదు, అయాన్లను మాత్రం నెమ్మదిగా అటూ ఇటూ పోనిస్తుంది. 'ఘటం' అంటే తెలుగులో కుండే కదా! పాఠ్యపుస్తకంలో పరాయిగా కనిపించే ఆ మాట డేనియల్ ఏర్పాటుకు అచ్చంగా సరిపోయింది.

ఇప్పుడు జింక్ దగ్గరున్న ఎలక్ట్రాన్లు రాగి అయాన్లను చేరాలంటే కుండ గోడ దాటలేవు. బయటి తీగ ఒక్కటే దారి. ఆ దారిలో బల్బు పెడితే వెలుగుతుంది, గంట పెడితే మోగుతుంది. ఈ ఏర్పాటు ఇచ్చేది సుమారు 1.1 వోల్టులు. టెలిగ్రాఫ్ తీగలు వేసిన తొలి రోజుల్లో వార్తలను మోసింది ఇలాంటి ఘటాలే.

కుండ చేసిన పనిని ఈనాటి కాలేజీ ల్యాబులో ఇంకా చక్కగా చేసేది ఉప్పు వంతెన. అదే సాల్ట్ బ్రిడ్జ్. ఆంగ్ల అక్షరం 'యూ' ఆకారంలో వంచిన గాజుగొట్టంలో పొటాషియం క్లోరైడ్ లాంటి లవణాన్ని అగర్ జెల్లీతో కలిపి నింపుతారు. ఒక కాలు ఒక బీకరులో, రెండో కాలు మరో బీకరులో. వంతెన తీసేస్తే వోల్టుమీటరు ముల్లు సున్నాకు పడిపోతుంది. ఎందుకంటే జింక్ వైపు ధనావేశం, రాగి వైపు రుణావేశం పేరుకుపోయి ఎలక్ట్రాన్ల ప్రయాణం ఆగిపోతుంది. వంతెనలోని అయాన్లు రెండు వైపులకూ దిగి ఆ లెక్కను సరిచేస్తుంటాయి.

వాక్యాన్ని చదివే తీరు

ఇప్పుడు ఆ వరుసను మళ్లీ చూస్తే ఎలా ఉంటుందో చూడండి. పుస్తకంలో మూలకాల గుర్తులతో రాసేదాన్ని పేర్లతో రాస్తే ఇలా ఉంటుంది.

జింక్ | జింక్²⁺ || రాగి²⁺ | రాగి

ఒంటి గీత అంటే రెండు వేర్వేరు స్థితుల మధ్య సరిహద్దు. ఇటు గట్టి లోహం, అటు నీళ్లలో కరిగిన అయాన్. కడ్డీకి ద్రావణం తగిలే చోటే ఆ గీత. జంట గీతలు అంటే ఉప్పు వంతెన. రెండు చివర్లా ఉన్నవి తీగ తగిలించే కడ్డీలు, అంటే ఎలక్ట్రోడ్లు. ఎడమ చివర నుంచి కుడి చివరకు చదువుకుంటూ పోతే, బల్ల మీద పెట్టిన పరికరాన్ని ఒక కొస నుంచి రెండో కొసకు వేలితో తడుముతున్నట్టే ఉంటుంది. కడ్డీ, ద్రావణం, వంతెన, ద్రావణం, కడ్డీ.

ఎడమ సగాన్ని అదే వరుసలో చదివితే 'జింక్, జింక్ అయాన్‌గా మారుతోంది' అని అర్థం. ఇచ్చేవాడి కథ అది. కుడి సగం 'రాగి అయాన్, రాగిగా మారుతోంది' అంటోంది. పుచ్చుకునేవాడి కథ. అందుకే ఎడమవైపు లోహం ముందు, అయాన్ తరవాత వస్తాయి. కుడివైపు అయాన్ ముందు, లోహం తరవాత. పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. రెండు వైపులా లోహమే ముందు రాసేస్తారు. జరిగే పనిని మనసులో చదువుకుంటూ రాస్తే ఆ తప్పు దొర్లదు.

మరి జంట గీతలు లేకపోతే? ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకే తొట్టిలో పడతారు. అదే తోటలోని కొడవలి కథ. పని జరిగిపోతుంది, కరెంటు మాత్రం దక్కదు. ఈ ఘటంలో కరెంటు చేతికందుతోందంటే ఆ రెండు గీతల పుణ్యమే.

ఎడమ అంటే ఎవరికి ఎడమ?

'బల్ల మీద జింక్ బీకరును కుడివైపు పెడితే అప్పుడు జింక్‌ను కుడివైపు రాయాలా?' అని ఏ పిల్లాడైనా అడిగితే ఆ ప్రశ్నను కొట్టిపారేయకూడదు. దానికి జవాబు ప్రకాశం బ్యారేజీ మీద నిలబడితే దొరుకుతుంది.

కృష్ణానదికి విజయవాడ ఎడమ గట్టు, సీతానగరం కుడి గట్టు. ఎవరికి ఎడమ? నది పారే దిశకు ముఖం పెట్టి నిలబడ్డవాడికి. ఎగువకు తిరిగి ఇంద్రకీలాద్రిని కుడిచేతి వైపు చూసుకుంటున్నా సరే, విజయవాడ కుడి గట్టు అయిపోదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ, కుడి కాలువ అన్న పేర్లకూ ఇదే పద్ధతి. ప్రవాహాన్ని బట్టి పేరు, చూసేవాడిని బట్టి కాదు.

ఘటంలోనూ అంతే. ఎలక్ట్రాన్లను ఇచ్చే చోటు ఎడమ, పుచ్చుకునే చోటు కుడి అని రాసుకోవడం ఒక ఒప్పందం. ఇచ్చే చోటు ఆనోడ్, పుచ్చుకునే చోటు కాథోడ్. బల్ల మీద బీకర్లను ఎటు తిప్పి పెట్టినా కాగితం మీద వరుస మారదు.

ఇలాంటి ఒప్పందాల్లో ముఖ్యమైనది 1953లో స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో కుదిరింది. అప్పటిదాకా వోల్టుల ముందు పెట్టే ప్లస్, మైనస్ గుర్తుల విషయంలో దేశానికో తీరు ఉండేది. జింక్‌కు అమెరికా పుస్తకాల్లో ప్లస్ 0.76 అని ఉంటే, ఐరోపా పుస్తకాల్లో మైనస్ 0.76 అని ఉండేది. ఇచ్చే గుణాన్ని కొలిస్తే ప్లస్, పుచ్చుకునే గుణాన్ని కొలిస్తే మైనస్. రెండూ నిజమే, కానీ కలిపి వాడితే లెక్క తలకిందులు. చివరకు అంతర్జాతీయ రసాయన శాస్త్రవేత్తల సంఘం అందరూ పుచ్చుకునే గుణాన్నే, అంటే క్షయకరణ పొటెన్షియల్‌నే, ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ అనాలని నిర్ణయించింది. ఇంట్లో అటక మీద పాత అమెరికన్ కెమిస్ట్రీ పుస్తకం ఉంటే, అందులో గుర్తు తిరగబడి కనిపించినా కంగారు పడక్కర్లేదు. అది అచ్చుతప్పు కాదు, పాత ఒప్పందం.

కొత్త ఒప్పందంలో సూత్రం ఒక్కటే. కుడివైపు విలువలోంచి ఎడమవైపు విలువ తీసేయాలి. రాగికి ప్లస్ 0.34, జింక్‌కు మైనస్ 0.76. తీసివేస్తే 1.10 వోల్టులు. జవాబు ప్లస్ వస్తే, రాసిన దిశలో పని దానంతటదే జరుగుతుంది. అదే వరుసను తిప్పి రాస్తే మైనస్ 1.10 వస్తుంది. నది ఎగువకు పారుతుందని రాసినట్టన్నమాట! మైనస్ గుర్తు ఆ సంగతే చెబుతుంది. అంటే గుర్తు చూసి రాతను సరిచూసుకోవచ్చు. పరీక్ష హాల్లో ఇంతకు మించిన తోడేముంటుంది?

రాగి గట్టు మారింది!

'రాగి ఎప్పుడూ కుడివైపే' అని బట్టీ పట్టిన పిల్లలు దొరికిపోయే లెక్క ఇది. రాగి తీగను సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో వేలాడదీస్తే కాసేపటికి తీగ మీద వెండి పొడి మంచులా పట్టుకుంటుంది. ద్రావణం నెమ్మదిగా నీలి రంగుకు తిరుగుతుంది. అంటే ఈసారి రాగే ఎలక్ట్రాన్లు ఇచ్చి నీళ్లలోకి దిగింది. జింక్ ముందు పుచ్చుకున్న రాగి, వెండి ముందు ఇచ్చేసింది. కాబట్టి...

రాగి | రాగి²⁺ || వెండి⁺ | వెండి

వెండికి ప్లస్ 0.80, రాగికి ప్లస్ 0.34. తేడా 0.46 వోల్టులు. ప్లస్ వచ్చింది, రాత సరైందే. ఏ లోహానికీ శాశ్వతంగా ఒకే గట్టు లేదు. ఎదుట ఎవరున్నారన్నదాన్ని బట్టే దాని చోటు.

ఈ లెక్కలోనే ఇంకో ఉచ్చు ఉంది. ఒక రాగి పరమాణువు రెండు ఎలక్ట్రాన్లు ఇస్తుంది. ఒక వెండి అయాన్ ఒకటే పుచ్చుకుంటుంది. కాబట్టి సమీకరణంలో వెండి ముందు '2' వస్తుంది. దాన్ని చూసి చాలామంది 0.80ని కూడా రెండుతో గుణించేస్తారు. తప్పు! వోల్టు అంటే నీటిమట్టం లాంటిది. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 12 అడుగులుంటే, ఒక తూము తెరిచినా రెండు తూములు తెరిచినా ఆ క్షణాన మట్టం 12 అడుగులే. పారే నీరు రెట్టింపవుతుంది కానీ ఎత్తు రెట్టింపవదు. అందుకే సెల్ నొటేషన్‌లో ఆ 2 రాయరు, పొటెన్షియల్‌ను దానితో గుణించరు.

ల్యాబులో ఈ ఘటం కట్టేటప్పుడు వంతెనలో పొటాషియం క్లోరైడ్ పనికిరాదు. క్లోరైడ్ తగిలితే వెండి అయాన్లు తెల్లటి సిల్వర్ క్లోరైడ్‌గా విరిగి అడుగుకు చేరతాయి. బదులుగా పొటాషియం నైట్రేట్ వాడతారు.

కామా, కుండలీకరణం, ప్లాటినం

వాక్యమన్నాక విరామ చిహ్నాలు ఉండాలి కదా! ఇక్కడా ఉన్నాయి. ఒకే ద్రావణంలో రెండు రకాల అయాన్లు కలిసి ఉంటే మధ్యలో గీత పెట్టరు, కామా పెడతారు. సరిహద్దు లేని చోట గోడ ఎందుకు?

హైడ్రోజన్ లాంటి వాయువుకు తీగ చుట్టలేం. అలాంటప్పుడు రసాయన చర్యలో తాను మారని ప్లాటినం రేకును మధ్యవర్తిగా పెడతారు. ఎలక్ట్రాన్లను అందుకుని అటు నుంచి ఇటు చేరవేయడమే దాని పని. పొటెన్షియళ్లన్నిటికీ కొలబద్ద అయిన హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌ను ఇలా రాస్తారు. ప్లాటినం | హైడ్రోజన్ వాయువు | హైడ్రోజన్ అయాన్. దాని విలువ సున్నా అని ఒప్పుకున్నారు. మిగతావన్నీ దాని కంటే ఎంత ఎక్కువ, ఎంత తక్కువ అనే లెక్కే.

అయాన్ పక్కన కుండలీకరణంలో ద్రావణం గాఢత, వాయువు పక్కన పీడనం రాస్తారు. అది అలంకారం కోసం కాదు. గాఢత మారితే వోల్టేజీ మారుతుందని జర్మన్ శాస్త్రవేత్త నెర్నెస్ట్ 1889లో లెక్కగట్టి చూపించాడు. రెండు వైపులా రాగే పెట్టి, ఎడమవైపు ద్రావణాన్ని కుడివైపు కంటే వంద రెట్లు పలచన చేస్తే చాలు, 25 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర సుమారు 0.059 వోల్టు పుడుతుంది. గాఢత రాయకపోతే ఆ వాక్యంలో 'రాగి, రాగి' అన్న రెండు మాటలు తప్ప ఏమీ మిగలవు.

ఇక కరెంటు పోయినప్పుడు ఇంట్లో ఫ్యాను తిప్పే ఇన్వర్టర్ బ్యాటరీ సంగతి. అందులో జంట గీతలు ఉండవు!

సీసం | సీసం సల్ఫేట్ | సల్ఫ్యూరిక్ ఆమ్లం | సీసం సల్ఫేట్, సీసం డయాక్సైడ్ | సీసం

ఇచ్చేదీ పుచ్చుకునేదీ ఒకే ఆమ్లంలో మునిగి ఉన్నాయి కాబట్టి వంతెన అక్కర్లేదు. మరి కొడవలిలా చేతి నుంచి చేతికి ఎందుకు మారిపోవు? ఇక్కడ ఇచ్చే సీసమూ పుచ్చుకునే సీసం డయాక్సైడూ రెండూ గట్టి పదార్థాలే. వేర్వేరు పలకలకు అంటుకుని ఉంటాయి. మధ్యలో రంధ్రాలున్న అడ్డుపొరలు పలకలను తగలనివ్వవు. ఒక్కో ఘటం సుమారు 2 వోల్టులు ఇస్తుంది. అలాంటివి ఆరు వరుసగా కలిపితే 12 వోల్టుల బ్యాటరీ.

చిలకలపూడిలో ఎదురీత

మచిలీపట్నాన్ని ఆనుకుని ఉన్న చిలకలపూడి పేరు చెబితే ఆడవాళ్లకు గుర్తొచ్చేవి గిల్టు నగలు. చౌక లోహంతో నగ చేసి, దాని మీద విద్యుత్తు సాయంతో పలచని బంగారు పూత ఎక్కించడం అక్కడి పరిశ్రమ పని. ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టే ఈ విద్యా అదే పాఠంలోది. కాకపోతే ఇది నదికి ఎదురీత.

డేనియల్ ఘటంలో రసాయన చర్య కరెంటును ఇచ్చింది. పూత తొట్టిలో కరెంటు ఇచ్చి రసాయన చర్య జరిపిస్తారు. నగను కాథోడ్‌గా, అంటే బయటి విద్యుత్తు రుణ ధ్రువానికి తగిలిస్తారు. ద్రావణంలో ఉన్న బంగారం అక్కడ ఎలక్ట్రాన్లు పుచ్చుకుని నగ మీద లోహంగా స్థిరపడుతుంది. కరెంటు ఆగితే పూత ఆగుతుంది. అందుకే కరెంటు కోత, యూనిట్ ధర అక్కడ ముడిసరుకు ధరంత ముఖ్యం.

ఇక్కడే పిల్లలకు పెద్ద సందేహం వస్తుంది. డేనియల్ ఘటంలో ఆనోడ్ రుణ ధ్రువం. పూత తొట్టిలో ఆనోడ్ ధన ధ్రువం. ఏది నిజం? రెండూ నిజమే. ఆనోడ్ అన్న పేరు ప్లస్, మైనస్‌లను బట్టి పెట్టింది కాదు. 1834లో ఈ పేర్లు వాడుకలోకి తెచ్చిన మైకేల్ ఫారడే అందుకు పండితుడైన విలియం హ్యూవెల్ సలహా తీసుకున్నాడు. సూర్యుడు నడిచే దారిని పోలికగా పెట్టుకుని, గ్రీకు భాషలో పైకి వచ్చే దారి అని అర్థం వచ్చేలా ఆనోడ్, దిగిపోయే దారి అని అర్థం వచ్చేలా కాథోడ్ అన్నారు. దిశే తప్ప గుర్తు ఆ పేర్లలో లేదు. కాబట్టి గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. ఎక్కడైనా సరే, ఎలక్ట్రాన్లు వదిలే చోటు ఆనోడ్, పుచ్చుకునే చోటు కాథోడ్.

రేకు తుప్పు పట్టకపోవడం వెనక

తీరం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. అందుకే పైకప్పు రేకులకు, నీటి గొట్టాలకు జింక్ పూత వేసి వాడతారు. జీఐ రేకు, జీఐ పైపు అనేవి ఇవే. గీత పడి కొంచెం ఇనుము బయటపడ్డా అది వెంటనే తుప్పు పట్టదు. ఎందుకో జింక్‌నూ ఇనుమునూ ఒక వరుసలో రాసి చూస్తే తెలుస్తుంది.

జింక్ | జింక్²⁺ || ఇనుము²⁺ | ఇనుము

ఇనుముకు మైనస్ 0.44, జింక్‌కు మైనస్ 0.76. కుడిలోంచి ఎడమ తీసేస్తే ప్లస్ 0.32. అంటే ఈ జంటలో ముందుగా ఇచ్చుకునేది జింక్. తాను కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. అదే తగరం పూత అయితే కథ వేరు. తగరానికి మైనస్ 0.14. ఆ జంటలో ఇచ్చేది ఇనుమే. తగరం పూత మీద గీత పడిందంటే అక్కడ ఇనుము మామూలు కంటే త్వరగా తింటుంది. ఏ రేకు కొనాలో, గీత పడిన డబ్బాను ఎందుకు నమ్మకూడదో కూడా ఆ చిన్న తీసివేతే చెబుతుంది.

ఇంట్లో అడగాల్సిన మూడు ప్రశ్నలు

విజయవాడ కాలేజీల్లో పిల్లలను చేర్పించిన తల్లిదండ్రులు సెలవు దినాల్లో వచ్చి అడిగేది సాధారణంగా ఒక్కటే... 'వీక్లీ టెస్టులో ఎన్నొచ్చాయి?' ఈసారి ఆ ప్రశ్నను కాసేపు పక్కనపెట్టి, పిల్లలతో ఒక ఘటం రాయించి ఈ మూడూ అడిగి చూడండి. ఇందులో ఇచ్చేదెవరు? పుచ్చుకునేదెవరు? ఇద్దరినీ విడదీసిందేమిటి? అడగడానికి కెమిస్ట్రీ చదివి ఉండనక్కర్లేదు.

జవాబు తడుముకోకుండా వస్తే ఆ పాఠం వచ్చినట్టే. రాకపోతే కోప్పడాల్సిన పనీ లేదు. ఒక గాజు గ్లాసులో చిటికెడు మైలుతుత్తం కరిగించి, గరుకు కాగితంతో రుద్దిన ఇనుప మేకును పెద్దవాళ్లే దగ్గరుండి అందులో వేయించండి. మైలుతుత్తం విషం కాబట్టి ఆ గ్లాసు మళ్లీ వంటింట్లోకి రాకూడదు, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. నిమిషాల్లో మేకు ఎర్రబడుతుంది. 'ఈ మేకు ఎవరికి ఏమిచ్చింది?' అని అడగండి. ఆ జవాబును కాగితం మీద ఎడమ నుంచి కుడికి రాయమనండి. ఇనుము ఎడమవైపు, రాగి కుడివైపు, మధ్యలో రెండు గీతలు. ఆ గీతలు గ్లాసులో ఎక్కడున్నాయని వాళ్లే తిరిగి అడిగితే ఇంకేం కావాలి? గ్లాసులో లేవు, అందుకే కరెంటు రాలేదు.